అమెరికాలో ఒక పాత పొలం, అక్కడికి బడి పిల్లలు ఎందుకు పోతారు

పనులు కాస్త తెరిపిచ్చినయ్, అందుకని ఈ పోస్టు కొంచెం పెద్దగా రాస్తున్నా. ఓపికున్నవాళ్ళు చివరిదాకా చదవండి.

మా మేనకోడలు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటది. దాని కొడుకు నాలుగో తరగతి. పోయిన ఆదివారం వీడియో కాల్‌లో వాడు, "తాతయ్యా, మా స్కూలు వాళ్ళు మమ్మల్ని పొలానికి తీసుకెళ్ళారు, ఎద్దుల్ని చూశా, వెన్న చిలికా. మీ ఎద్దుల్ని కూడా చూపించు" అన్నాడు. ఫోను పట్టుకుని కొట్టం దాకా పోయా. ఏం చూపించను? నా జత అమ్మేసి పన్నెండేళ్ళయింది. ట్రాక్టరు చూపిస్తే "అలాంటివి ఇక్కడా ఉన్నాయిలే" అన్నాడు. నవ్వొచ్చింది గానీ కొంచెం సిగ్గు కూడా వేసింది.

మనం వదిలేసిన ఎద్దుల్ని వాళ్ళు బస్సు కట్టుకుని పోయి చూస్తున్నారు. అసలా పొలం ఎవరిదా అని పట్టుకుని చదివా. చదివాక తెలిసింది, ఆ పొలాన్ని దాచిపెట్టింది ఎద్దుల కోసం కాదు.

అది ఎల్క్ రివర్ అనే ఊళ్ళో, మిసిసిపీ నది ఒడ్డున ఉంది. మినియాపాలిస్ నుంచి యాభై కిలోమీటర్ల చిల్లర. పొలం ఆలివర్ కెల్లీ అనే ఆయనది. ఆయన 1826లో బోస్టన్ పట్నంలో పుట్టాడు, రైతు బిడ్డ కాదు. 1849లో మిన్నెసోటా వచ్చి, మరుసటి ఏడు అక్కడ భూమి పట్టాడు. అంతకుముందు ఆ నేలంతా డకోటా, ఓజిబ్వే జనాలది. వాళ్ళ చేత ఒప్పందాల మీద సంతకాలు పెట్టించుకుని తీసుకున్న భూమి. ఇది కూడా చెప్పుకోవాల్సిందే.

కెల్లీకి సేద్యం రాదు. వ్యవసాయ పత్రికలు తెప్పించుకుని, చదివి నేర్చుకున్నాడు. పుస్తకాల రైతు అని పేరు పడింది. మన ఊళ్ళోనూ అలాంటి వాళ్ళను చూసి గట్టు మీద కూర్చుని నవ్వుకుంటాం కదా. కాకపోతే ఆ చదివే అలవాటే తర్వాత లక్షల మంది రైతులకు పనికొచ్చింది.

అక్కడ అంతర్యుద్ధం 1865లో ముగిసింది. దక్షిణాది సేద్యం పాడైపోయింది, ఎలా ఉందో చూసి రమ్మని 1866లో వ్యవసాయ శాఖ కెల్లీని పంపింది. ఆయన తిరిగి చూసిన దాంట్లో పంట నష్టం కంటే ఎక్కువ బాధ పెట్టింది ఏంటంటే, రైతు ఒంటరివాడు. పక్క పొలం వాడితో కూడా మాటా మంతీ లేదు. అందుకని 1867 డిసెంబరు 4న వాషింగ్టన్‌లో ఇంకొందరితో కలిసి ఒక రైతు సంఘం పెట్టాడు. దాన్ని గ్రేంజ్ అంటారు. ఆడవాళ్ళకి సమానంగా సభ్యత్వం ఉండాలని పట్టుబట్టింది ఆయన మేనకోడలు కెరోలిన్ హాల్. సంఘంలో ఆడవాళ్ళకి మొదటినుంచీ ఓటు ఉంది. ఆ దేశం మొత్తానికి ఆడవాళ్ళ ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది 1920లో. మన సొసైటీ ఎన్నికల్లో ఇవ్వాళ్టికీ ఎంతమంది ఆడవాళ్ళు వస్తున్నారో మీరే చెప్పండి.

సంఘం పెట్టాడు గానీ చేతిలో డబ్బుల్లేవు. 1868లో దారి పొడుగునా ఊళ్ళలో శాఖలు పెట్టుకుంటూ ఈ పొలానికే తిరిగొచ్చాడు. 1868 నుంచి 1870 దాకా దేశం మొత్తం సంఘానికి ఆఫీసు ఈ పొలమే. పగలు పొలం పని, ఉత్తరాలు. రాత్రి ఉత్తరాలు. మన వాట్సాప్ గ్రూపు అడ్మిన్ లాంటోడు అనుకోండి, కాకపోతే ప్రతి మెసేజీకి స్టాంపు కొనాలి.

మొదట్లో పెద్దగా ఎవరూ చేరలేదు. 1873లో ఆర్థిక మాంద్యం వచ్చింది, ధరలు పడిపోయినయ్. అప్పుడు పొలోమని వచ్చారు. 1875 నాటికి సభ్యులు ఎనిమిది లక్షలు దాటారు.

ఇక్కడినుంచి జాగ్రత్తగా చదవండి, ఇది మన కథే. రైతు గోధుమలు అమ్మాలంటే రైలెక్కించాలి. ఊరికి ఒకటే రైల్వే కంపెనీ, కాబట్టి వాడు చెప్పిందే రేటు. రెండు కంపెనీలు పోటీ పడే పెద్ద పట్నాల మధ్య దూరం ఎక్కువైనా బాడుగ తక్కువ, ఒకటే కంపెనీ ఉన్న పల్లె నుంచి దగ్గరకి కూడా ఎక్కువ. చికాగోలో ధాన్యం పోసే పెద్ద గోదాములున్నాయి. వాటి ఓనర్లు ఒకచోట కూర్చుని ఏడాదికి రేటు ఇంత అని కట్టేసేవాళ్ళు. రైతుకి వేరే దారి లేదు. మన కోల్డ్ స్టోరేజీ బాడుగ, కాటా దగ్గర తరుగు గుర్తొచ్చాయా? నాకైతే వచ్చాయి. ఒకసారి నా మిర్చి టిక్కీల మీద, నన్ను అడక్కుండానే, తరుగు తీసి చీటీ చేతిలో పెట్టారు. ఎవరితో చెప్పుకోను?

అక్కడి రైతులు చెప్పుకున్నారు. గ్రేంజ్ సంఘంగా ఎన్నికల్లోకి దిగలేదు, అది వాళ్ళ నియమం. కానీ మీటింగుల్లో కూడిన రైతులే బయటికొచ్చి, తమ మాట వినేవాళ్ళని గెలిపించుకున్నారు. ఇల్లినాయ్, మిన్నెసోటా, అయోవా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో రైలు బాడుగలకి, గోదాము రేట్లకి హద్దు పెడుతూ చట్టాలొచ్చినయ్. ఇల్లినాయ్ 1871 చట్టం ఏంటంటే, గోదాములో మొదటి నెలకి బుషెల్‌కి రెండు సెంట్లు మించి తీసుకోకూడదు. బుషెల్ గోధుమలంటే సుమారు 27 కిలోలు. మన్ అండ్ స్కాట్ అనే చికాగో గోదాము వాళ్ళు ఆ చట్టానికి లోబడలేదు, వంద డాలర్ల జరిమానా పడింది. మా ఆస్తి, మా ఇష్టం అని సుప్రీంకోర్టు దాకా పోయారు. 1877లో కోర్టు, జనమంతా ఆధారపడే వ్యాపారానికి రేటు కట్టే హక్కు ప్రభుత్వానికి ఉందని తీర్పిచ్చింది.

సంఘం గొప్పదని మాత్రమే చెప్పి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే. దక్షిణాది శాఖలు చాలావరకు నల్ల రైతుల్ని చేర్చుకోలేదు. దళారీ లేకుండా మేమే పనిముట్లు తయారు చేసుకుంటామని కోతమిషన్ల వ్యాపారంలో దిగి అయోవా శాఖ చేతులు కాల్చుకుంది. 1880కల్లా దేశంలో సభ్యులు లక్ష పైచిలుకుకి పడిపోయారు. కెల్లీ కూడా 1878లో కార్యదర్శి పని వదిలి ఫ్లోరిడాలో భూముల వ్యాపారానికి పోయాడు. అక్కడ కట్టిన ఊరికి మేనకోడలి పేరు మీద కారబెల్ అని పెట్టాడు. పొలం చేతులు మారింది. 1935లో సంఘమే దాన్ని కొని, 1961లో మిన్నెసోటా చరిత్ర సంఘానికి ఇచ్చింది. ఇప్పుడు అక్కడ 1850లు, 60ల నాటి పద్ధతిలో ఎద్దులతో దున్నుతారు, పాత రకం కూరగాయలు వేస్తారు. పిల్లలొచ్చి కలుపు తీసి, వెన్న చిలికి పోతారు.

మళ్ళీ మనవడికి ఫోన్ చేశా. "ఆ ఇంట్లో కూర్చుని ఒకాయన బోలెడు ఉత్తరాలు రాశాడంట, చెప్పారా?" అని. వాడికి గుర్తులేదు. కోడి ముక్కుతో పొడిచింది గుర్తుంది. పిల్లోడు కదా, వాడి తప్పు కాదు.

మన పిల్లల్ని బడి వాళ్ళు నాగార్జునసాగర్ తీసుకెళ్తారు, విశాఖ తీసుకెళ్తారు. మంచిదే. నిడుబ్రోలులో రంగా గారు 1930లలో రైతు బిడ్డల కోసం విద్యాలయం నడిపారని మాత్రం మా వాళ్ళలో ఒక్కడికీ తెలీదు. ఎద్దులు, కొడవళ్ళు మన పిల్లలకి కొత్తేం కాదు. రైతులు కూడి కాగితం రాసి గెలిచిన సంగతి మాత్రం కొత్త.

అందుకని మన ఊరి హైస్కూలు హెడ్మాస్టారుని కలిశా. ఒక శనివారం పిల్లల్ని సొసైటీ పాత గోదాముకి తీసుకొస్తానన్నారు. సొసైటీ పెట్టినప్పటి మినిట్స్ పుస్తకం, వాటా రసీదులు, కాలవ నీళ్ళ కోసం మన పెద్దలు పెట్టిన అర్జీల నకళ్ళు మీ ఇళ్ళల్లో అటకల మీద ఉంటాయి. చెదలు పట్టకముందే దులిపి, ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. మా నాన్న వాటా రసీదు దొరికింది, పది రూపాయలది. కింద కామెంట్లో పెడుతున్నా.