ముదిసిన శునకములకు మరియొక గడప

క్రీ.శ. 1860లో లండన్ నగరమునకు ఉత్తరముననున్న హాలోవే ప్రాంతమున మేరీ టీల్బీ యను నామె, వీథులలో త్రోవదప్పి ఆకలిచే డస్సిన కుక్కలకై యొక తాత్కాలిక శరణాలయమును నెలకొల్పగా, టైమ్స్ వంటి మహాపత్రిక సైతము ఆమెను అపహసించెను. రెండేండ్లకు, చార్లెస్ డికెన్స్ నడుపుచుండిన వారపత్రికలో వెలువడిన వ్యాసమొకటి, బహుమతులందుకొను జాతికుక్కల ప్రదర్శనమును ఈ దిక్కులేని కుక్కల నివాసమును ప్రక్కప్రక్కన నిలిపి చూపెను. టీల్బీ 1865లోనే గతించినది. ఆమె నాటిన సంస్థ 1871లో బాటర్సీకి తరలి నేటికిని నిలిచియున్నది.

అయినను వీథికుక్క ప్రాణము గడువునకు లోబడియే యుండెను. 1867 నాటి లండన్ వీథుల చట్టము పట్టుబడినదానికి మూడు దినములే యొసగెను. 1906 నాటి చట్టము ఏడు దినములు చేసెను. ఆలోపల యజమాని రాకున్న అమ్మవచ్చును, లేదా చంపవచ్చును. లేతకుక్కను కొనువారుందురు, కన్నులకు పొరలు గ్రమ్మి, పండ్లు పుచ్చి, కీళ్లనొప్పిచే బోనుమూలనుండి లేచి రాలేక, వచ్చినవారి అడుగులచప్పుడైనను వినలేని ముసలికుక్కను కోరువారెవ్వరు? యజమాని వెదకి వచ్చుననియే గదా గడువు పెట్టుట! ముసలిదైనదని విడిచిపోయినవాడు ఏల వచ్చును?

ముసలికుక్కలనే ముందుగా చేరదీయు యత్నము ప్రబలుటకు శతాబ్దమునకు పైబడి పట్టినది. శాన్ ఫ్రాన్సిస్కోలో కేశాలంకరణము వృత్తిగాగల షెర్రీ ఫ్రాంక్లిన్, అచటి జంతుశరణాలయమున స్వచ్ఛందసేవ చేయుచు, వయసు మళ్లిన కుక్కలను ఎవ్వరును పెంపకమునకు కోరకుండుట కన్నులార గాంచి, 2007లో మట్‌విల్ అను సంస్థను స్థాపించెను. ఏడేండ్లు దాటిన కుక్కలకే అచట ప్రవేశము. బోనులు లేవు, సోఫాలపైనను పరుపులపైనను అవి పవళించును. వయసు మళ్లిన మనుష్యులకు వయసు మళ్లిన కుక్కలను జతపరచుటయు అచటి పద్ధతి. పిల్లకుక్కను తెచ్చుకొన్నచో తమ యనంతరము దాని గతియేమను దిగులు వారికిక నుండదు.

2012లో టెన్నెసీ రాష్ట్రమున నెలకొన్న ఓల్డ్ ఫ్రెండ్స్ సంస్థ యింకొక యడుగు ముందుకు వేసినది. కుక్కను సమీపమునందలి గృహస్థులకు యావజ్జీవము అప్పగించియు, వైద్యవ్యయమును తానే భరించును. ఈ చరిత్రయంతటిలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచునది ఈ యేర్పాటే. ఏలయన, ముసలికుక్కను చూచి మనసు కరగియు, పశువైద్యుని బిల్లులకు వెఱచి గడపలోనే ఆగిపోవువారు లోకమున పెక్కుమంది కలరు.