రణపాల ఆకు పులుపు: ఒక పాత లేఖ కథ



మా అమ్మాయి ఉద్యోగరీత్యా దూరదేశం వెళుతూ ఎనిమిది చిన్న కుండీలను నాకు అప్పగించి వెళ్ళింది. అన్నీ దళసరి ఆకుల మొక్కలే. నేటి వాడుకలో సక్యులెంట్లు అంటున్నారు. కలబంద, రణపాల తప్ప తక్కినవాటి పేర్లు నా నోటికి పట్టుబడలేదు. తులసికోటలో నీళ్ళు పోసిన చెంబుతోనే రోజూ ఉదయం వాటికీ పోసేవాడిని. అది బాధ్యత అనుకున్నాను, కొంత పుణ్యమనీ అనుకున్నాను.

నెల తిరగకుండానే ఆకులు పసుపురంగుకు తిరిగి, గాజుముక్కల్లా పారదర్శకమై, ముట్టుకుంటే రాలిపోసాగాయి. ఎండకు దాహమేస్తున్నదని భావించి సాయంత్రం కూడా పోయడం మొదలుపెట్టాను. ఎనిమిదింటిలో మూడు మిగిలాయి.

వ్యవసాయశాఖలో పనిచేసిన నా పూర్వవిద్యార్థి ఒకరు చూడవచ్చి, ఒక కుండీని చేత్తో ఎత్తి బరువు చూసి, మట్టిలో వేలు గుచ్చి, "మాస్టారూ, ఇవి దాహంతో పోలేదండీ, మునిగి పోయాయి" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. నీరు ప్రాణాధారమని నలభై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని. ఆ నీరే ఈ మొక్కలకు ఎందుకు మృత్యువైంది? కారణం వెతుకుతూ పోతే దారి నన్ను రెండు శతాబ్దాల వెనుకకు, మన సామర్లకోటకు తీసుకువెళ్ళింది.

ఈనాటి కాకినాడ జిల్లాలోని సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీవారి వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1781 నుండి పనిచేశాడు. మిరియాలు మొదలైన పంటలను అక్కడ పరీక్షించాడు. స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించాడు. 1795లో మొదలై భాగాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథానికి పునాది ఈ కృషే. అందులో అనేక మొక్కలకు తెలుగు పేర్లు రోమను లిపిలో ఉండడం మనం గర్వించదగిన విషయం. 1793లో ఆయన కలకత్తా తోటకు వెళ్ళగా, సామర్లకోట బాధ్యత బెంజమిన్ హైన్ అనే జర్మను దేశీయునికి వచ్చింది. 1770లో పుట్టిన హైన్, మొరేవియన్ క్రైస్తవ ప్రచారకుడిగా తరంగంబాడికి వచ్చి, తరువాత కంపెనీ కొలువులో చేరినవాడు. టిప్పు పతనానంతరం మైసూరు సర్వేలోనూ పాల్గొన్నాడు. 1814లో లండనులో భారతదేశం గురించి ఒక గ్రంథం ప్రకటించాడు. 1819లో మద్రాసులో మరణించాడు.

ఈ హైన్ 1813లో లండనులోని లిన్నేయన్ సొసైటీ ప్రముఖుడు ఎ.బి. లాంబర్టుకు ఒక చిన్న లేఖ రాశాడు. 1815లో ఆ సొసైటీ సంచికలో అది అచ్చయింది. విషయం మన రణపాల. మడగాస్కరులో పుట్టి తోటల ద్వారా మన దేశంలో స్థిరపడిన ఈ మొక్క ఆకు అంచుల గంట్లలోనుంచి పిల్లమొక్కలు పుట్టుకొస్తాయి. ఒకప్పుడు దీనికి పెట్టిన బ్రయోఫిల్లం అనే గ్రీకు పేరుకు మొలకెత్తే ఆకు అనే అర్థం. హైన్ గమనించినది మాత్రం మొలకలను కాదు, రుచిని. తెల్లవారుజామున ఆ ఆకు మిక్కిలి పుల్లగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుపు తగ్గి, మధ్యాహ్నానికి దాదాపు రుచే ఉండదు. సాయంకాలానికి కాస్త చేదెక్కుతుంది. ఒకే మొక్కను ఒకే రోజున వేర్వేరు వేళల్లో రుచి చూస్తే తప్ప తెలిసే సంగతి కాదిది.

(మీరెవరూ దీన్ని పరీక్షించబోకండి. ఈ జాతి మొక్కలలో గుండెను దెబ్బతీసే విషపదార్థాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో వీటిని మేసి పశువులు చనిపోయాయి.)

హైన్ తన పరిశీలనకు చెప్పుకున్న కారణం ఆ కాలపు రసాయనశాస్త్రానికి తగినది. ఆమ్లత్వానికి మూలం ప్రాణవాయువే అని అప్పట్లో నమ్మేవారు. కనుక ఆకు రాత్రి ప్రాణవాయువును పీల్చుకొని పుల్లబడుతుందనీ, పగటి వెలుతురులో దాన్ని విడిచి పులుపు కోల్పోతుందనీ ఊహించాడు. ఆ ఊహ నిలువలేదు, పరిశీలన మాత్రం నిలిచింది. అంతకుముందే, 1804లో, జెనీవా శాస్త్రవేత్త నికొలా థియోడోర్ ద సోస్యూర్ నాగజెముడు జాతి మొక్కలు రాత్రివేళ వాయువులతో వింతగా ప్రవర్తిస్తాయని గ్రహించాడు. ఈ రెండు సూచనలకు అర్థం తేలడానికి దాదాపు ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1940ల తరువాతి పరిశోధనలతో గుట్టు వీడింది. 1960లో రాన్సన్, థామస్ అనే శాస్త్రవేత్తల సమీక్షతో దీని పేరు శాస్త్రలోకంలో కుదురుకుంది. అదే క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ. లాటిన్‌లో క్రాసస్ అంటే దళసరి.

అసలు సంగతి ఇది. సాధారణ మొక్కలు పగలు ఆకుల సూక్ష్మరంధ్రాలు తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకుంటాయి. తలుపు తెరచినందుకు ఫలితంగా లోపలి తడి బయటికి పోతుంది. ఎడారిలో, బండలమీద బతికే దళసరి ఆకుల మొక్కలకు అంత ఖర్చు తగదు. కనుక అవి పగలు తలుపులు మూసుకొని, చల్లని రాత్రివేళ తెరుస్తాయి. అప్పుడు తీసుకున్న వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటాయి. ఉదయపు పులుపు ఆ రాత్రి సంపాదనే. పగలు తలుపులు మూసివుండగానే ఆ ఆమ్లంనుండి వాయువును విడదీసి, సూర్యకాంతితో చక్కెరలు చేసుకుంటాయి. మనం తినే అనాస మొక్క కూడా ఈ కోవలోదే.

ఇప్పుడు నా కుండీల మరణానికి కారణం స్పష్టమైంది. ఖర్చు తక్కువగల మొక్కకు రోజూ నీళ్ళు పోస్తే అవి ఎక్కడికి పోతాయి? మట్టిలోనే నిలుస్తాయి. వేళ్ళకు గాలి అందదు, శిలీంధ్రాలు చేరతాయి, వేళ్ళు కుళ్ళుతాయి. తులసి గడియారంతో రణపాలను పెంచాను నేను.

నష్టపోయి నేర్చుకున్నవాటిని నాలాంటివారి కోసం ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఆకు మెత్తబడి, పసుపెక్కి, పారదర్శకమైతే నీరు ఎక్కువైంది. వెంటనే నీళ్ళు ఆపి, మొక్కను పెకలించి, నల్లబడి కుళ్ళిన వేళ్ళను కోసివేసి, కొన్నాళ్ళు ఆరనిచ్చి పొడిమట్టిలో నాటాలి.

ఆకు ముడతలుపడి పలచబడితే తొందరపడరాదు. మట్టి ఎండివుంటే అది దాహమే. మట్టి తడిగా ఉండి కూడా ఆకు ముడుచుకుంటే వేళ్ళు కుళ్ళి నీరు అందుకోలేకపోతున్నాయని అర్థం. "హరి" అన్న పదానికి విష్ణువనీ, కోతి అనీ, సింహమనీ, కప్ప అనీ అర్థాలున్నాయి. ఏది గ్రహించాలో సందర్భం చెబుతుంది. ముడతపడిన ఆకుకు సందర్భం మట్టి.

అడుగున ఉన్న ఒకటి రెండు ముసలి ఆకులు ఎండి రాలడం సహజం. కొత్త ఆకులు రాలితేనే ఆందోళన పడాలి. కాండం సాగి, ఆకులు దూరదూరంగా పాలిపోయి వస్తే వెలుతురు చాలలేదు. నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా ఎండలో పెడితే గోధుమరంగు మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. కనుక ఎండను కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆకుల మొదళ్ళలో తెల్లని దూదిలాంటిది కనబడితే అది పిండినల్లి. స్పిరిటులో తడిపిన దూదితో తుడిచి, ఆ కుండీని తక్కినవాటికి దూరంగా ఉంచాలి.

ఇవేవీ రాకుండా ఉండాలంటే కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి. మట్టికుండ మేలు. ఎర్రమట్టిలో ముతక ఇసుక, చిన్న ఇటుకముక్కలు ధారాళంగా కలపాలి. వేలు లోతుగా గుచ్చి చూసి, మట్టి పూర్తిగా ఎండాకే, అడుగునుండి కారేదాకా పోసి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయాలి. వానకాలంలో నీళ్ళు ఇంకా తగ్గించి, జల్లు పడని చోట ఉంచాలి.

బడిలో ఉన్న రోజులలో నేనూ పిల్లలందరికీ ఒకే చెంబుతో పోశాను. ఒకే పద్యం, ఒకే గడువు, ఒకే బెత్తం. అప్పజెప్పలేనివాడికి మళ్ళీ అదే పద్యం పదిసార్లు రాయమని శిక్ష వేసేవాడిని. వాడికి తక్కువైంది పాఠం కాదేమో, మునిగిపోయాడేమో అని ఒక్కసారి కూడా వేలు గుచ్చి చూడలేదు. వారిలో కొందరు బడి మానేశారు. వారి పేర్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

మిగిలిన మూడు కుండీలలో రణపాల ఒకటి. చనిపోయిన మరో రణపాలనుండి రాలిన ఆకొకటి పొడి ఇసుకమీద పడివుంటే దాని అంచున నాలుగు పిల్లలు లేచాయి. వాటికి పదిరోజులుగా నీళ్ళు పోయలేదు. ప్రతి ఉదయం చెంబు పక్కన పెట్టి మట్టి చూసి వస్తున్నాను.

అమ్మాయికి జరిగినదంతా ఇంకా చెప్పలేదు. ఈ టపా చదివి తెలుసుకుంటుంది. మీ ఇళ్ళలో ఇలాంటి అనుభవాలుంటే తప్పక తెలియజేయండి.

సెలవు.