గ్రామఫోను గాడిలో శషసలు

తాళపత్ర గ్రంథాలు చూచినవారికి ఒక సంగతి తెలుసు. లేఖకుడు పదానికీ పదానికీ నడుమ ఎడం విడువడు. ఆకు పొదుపు అతనికి ముఖ్యం. విడదీసి చదువుకొనే భారం పాఠకునిదే. గ్రామఫోను రికార్డు కూడా అటువంటి గ్రంథమే. అందులో పదచ్ఛేదం చేసే పాఠకుని పేరు ఫోనో ప్రీయాంప్లిఫయర్. తెలుగు పాఠాలు చెప్పుకొన్న నాకు ఈ యంత్రంతో ఏమి పని అని చదువరులు అడుగవచ్చు. పాత నాటక పద్యాల ఉచ్చారణను రికార్డుల ఆధారంగా నిర్ణయింపదలచినవారికి దీని చరిత్ర తెలియక తప్పదు.

మంద్రధ్వనులు గాడిని పక్కలకు ఎక్కువగా ఊపుతాయి. ఉన్నదున్నట్లు చెక్కితే ఒక గాడి పక్క గాడిలోనికి చొరబడుతుంది. తారధ్వనుల కదలికలు మిక్కిలి సన్నవి. సూది రాపిడి రొదలో మునిగిపోతాయి. కనుక చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారాన్ని హెచ్చిస్తారు. వినేటప్పుడు అంతకు అంతా తిరగవేయాలి. దీనికే ఈక్వలైజేషన్ అని పేరు. పైగా అయస్కాంతం కదిలే పికప్ ఇచ్చే విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. తీగచుట్ట కదిలే పికప్‌లో అది అందులో పదోవంతు. దానిని వంద రెట్లో, వెయ్యి రెట్లో పెంచడమూ ఈ యంత్రం పనే.

1925కు ముందు గాయకులు బూరా ముందు నిలిచి పాడేవారు. ఆ సంవత్సరం అమెరికాలో మాక్స్‌ఫీల్డ్, హారిసన్ అనే ఇంజనీర్ల పద్ధతితో విద్యుత్ ముద్రణ వాడుకలోకి వచ్చింది. తొలినాళ్ళ విద్యుత్ రికార్డులలో సాధారణంగా మంద్రాన్ని మాత్రమే తగ్గించేవారు. ఎక్కడినుండి తగ్గించాలన్నది కంపెనీకొక తీరు. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ రికార్డును తెచ్చినప్పుడు తన లెక్క తాను పెట్టుకొన్నది. ఆర్.సి.ఎ.ది ఇంకొకటి, డెక్కాది మరొకటి. అందుచేత 1950ల ఆరంభంలో న్యూయార్కులో సాల్ మరాంట్జ్, ఇంగ్లండులో క్వాడ్ సంస్థకు చెందిన పీటర్ వాకర్ తయారుచేసిన ప్రీయాంప్లిఫయర్లలో రికార్డునుబట్టి లెక్క మార్చుకొనే ఏర్పాట్లు ఉండేవి. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమల సంఘం ఒకే ప్రమాణాన్ని నిర్ణయించింది. 50, 500, 2122 హెర్ట్జ్‌లు దాని మూడు మలుపులు. 1000 హెర్ట్జ్‌తో పోలిస్తే వినేటప్పుడు 20 హెర్ట్జ్ వద్ద సుమారు 19 డెసిబెల్‌లు హెచ్చు, 20,000 వద్ద సుమారు 20 తగ్గు.

సూత్రం ఒకటే అయినా అమలుకు రెండు మార్గాలు ఏర్పడ్డాయి. మొదటి మార్గంలో రెండు వాల్వుల నడుమ రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంచి ధ్వనిని వడకడతారు. నిర్మాణం సుబోధం. కాని వడపోతకు ముందే తారధ్వని అంతా పెరిగి ఉంటుంది కనుక, రికార్డుమీది గీతల చిటపటలు మొదటి అంతస్తును తొణికించగలవు. వడపోతలో పోయిన బలాన్ని మళ్ళీ పెంచేటప్పుడు రొద కూడా పెరుగుతుంది.

రెండవది ఫీడ్‌బ్యాక్ మార్గం. 1927లో హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు హడ్సన్ నది దాటే పడవలో, చేతిలోని వార్తాపత్రికమీద ఈ ఊహను గీసుకొన్నాడు. వెలుపలికి వచ్చిన ధ్వనిలో కొంతభాగాన్ని తలకిందులు చేసి మొదటికి పంపితే వికారాలు తగ్గుతాయి. ఆ తిరుగుదారిలోనే వడపోత పెట్టడం ఈ మార్గపు విశేషం. 1958 నాటి మరాంట్జ్ 7 దీనికి పేరుపొందిన ఉదాహరణ. దీనికీ లోపాలున్నాయి. మంద్రస్థాయిలో పెంపకానికే బలమంతా ఖర్చయి, దిద్దుబాటుకు మిగిలేది తక్కువ. రెండే ట్రాన్సిస్టర్లతో కట్టిన చవక యంత్రాలలో ఈ కొరత బాగా కనిపించేది.

1979లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ లిప్‌షిట్జ్ ఒక వ్యాసంలో, ఈ వడపోతలకు ప్రచారంలో ఉన్న సూత్రాలు అనేకం తప్పులని నిరూపించి, సరైన లెక్కలు ఇచ్చాడు. ఒకరి తప్పును మరొకరు ఎత్తి రాసుకోవడం లేఖకుల కాలంనుండీ ఉన్నదే! సరిగా కట్టినప్పుడు నేడు ఈ రెండు మార్గాలకూ వినికిడిలో తేడా స్వల్పం. వాల్వు గొప్పదా, ట్రాన్సిస్టరు గొప్పదా అన్న వాదం కంటె, ఏ రికార్డుకు ఏ లెక్క అన్న ప్రశ్నయే గొప్పదని నా అభిప్రాయం.

ఎందుకంటే, నేడు పాత 78 రికార్డులను చాలామంది 1954 ప్రమాణం తప్ప మరొకటి తెలియని యంత్రాలతోనే కంప్యూటరుకు ఎక్కిస్తున్నారు. శ, ష, సలను వేరుచేసే ఊపిరి రాపిడి ప్రధానంగా 2 వేల నుండి 8 వేల హెర్ట్జ్‌ల నడుమ ఉంటుంది. ఈ యంత్రం 5 వేల వద్ద 8 డెసిబెల్‌లు కోసివేస్తుంది. తారాన్ని హెచ్చించకుండా చెక్కిన 1930ల రికార్డుకు ఆ కోత పూర్తిగా నష్టమే. మరోవైపు మంద్రం అవసరానికి మించి ఉబ్బుతుంది. స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు గారి గొంతును ఇట్లా మొద్దుబార్చి వింటే ఆయన కళ ఏమి తెలుస్తుంది?

నాటి నటులకు శకార సకారాల భేదం లేదని, ఇంటర్నెట్టులో విన్న పద్యం ఆధారంగా ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆ రికార్డే నా వద్ద ఉన్నది. తగిన లెక్కతో వినిపించాను. శకారం శకారంగానే పలికింది. దోషం నటుని నాలుకది కాదు, కోతది.

కనుక రికార్డులను భద్రపరుస్తున్నవారికి నా మనవి ఒక్కటే. ఏ ఈక్వలైజేషనూ లేని ప్రతిని ముందుగా దాచండి. దిద్దిన ప్రతిని వేరుగా ఉంచి, ఏ లెక్కతో దిద్దినారో పక్కన రాయండి. తరువాత వచ్చేవారు మనకంటె బాగా చదువగలరు. వారికి మూలం మిగలాలి.