మెర్సీ థాంప్సన్ ఊరి చరిత్ర

మా నాయనకు హోసూరులో మెకానిక్ షెడ్డు ఉంది. అందుకే బెంగళూరులో చదివే మా అక్క ఒక ఇంగ్లీషు నవల ఇచ్చి, "దీంట్లో హీరోయిన్ కూడా మెకానికే" అనగానే తీసుకున్నాను. అది ప్యాట్రిషియా బ్రిగ్స్ రాసిన 'మూన్ కాల్డ్'. 2006లో వచ్చింది, ఆ వరుసలో మొదటి నవల. డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివేసరికి ఎండాకాలం సెలవులన్నీ అయిపోయాయి.

మెర్సీ థాంప్సన్ ఫోక్స్‌వ్యాగన్ కార్లు బాగుచేస్తుంది. తలచుకుంటే కొయోటీగా మారిపోతుంది. కొయోటీ అంటే తోడేలు కంటే చిన్నది, చూడటానికి మన నక్కలాగా ఉండే జంతువు. ఇలాంటి మాయలు చందమామ కథల్లో కూడా ఉన్నాయి కదా అనుకున్నాను. నన్ను ఆపింది వేరే సంగతి. మెర్సీ చదివింది హిస్టరీ డిగ్రీ! "చూస్తివా అమ్మీ, హిస్టరీ చదివినా షెడ్డుకే రావాల" అని మా నాయన నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు. ప్లస్ వన్‌లో ఏ గ్రూపు అని ఇంట్లో అప్పటికే మాటలు నడుస్తున్నాయి.

ఆ పట్టుదలతోనే ఆమె ఊరి చరిత్ర వెతికాను. ఊరు నిజమైనదే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున కెనవిక్, పాస్కో, రిచ్‌ల్యాండ్ ఉన్నాయి. మూడింటినీ కలిపి ట్రై-సిటీస్ అంటారు.

కథలో 'ఫే' అనే మాయజాతి వాళ్లకు వాల్లావాల్లా దగ్గర రిజర్వేషన్ ఉంటుంది. మనకు రిజర్వేషన్ అంటే సీట్లు, ఉద్యోగాలు. అక్కడ మూలవాసులకు హద్దులు గీసి మిగిల్చిన నేలను అలా అంటారు. అదే వాల్లావాల్లాలో 1855లో నిజంగానే ఒప్పందాలు జరిగాయి. యాకమా, ఉమటిల్లా, నెజ్ పెర్స్ మొదలైన తెగలు లక్షల ఎకరాలు వదులుకోవాల్సి వచ్చింది. మెర్సీ తండ్రి కూడా మూలవాసే, మోంటానా వైపు ఉండే బ్లాక్‌ఫీట్ తెగవాడు.

1943లో వంతు రైతులకు వచ్చింది. రిచ్‌ల్యాండ్‌కు ఎగువన హాన్‌ఫర్డ్, వైట్ బ్లఫ్స్ అని పండ్లతోటల ఊళ్లు ఉండేవి. యుద్ధం పని, ఖాళీ చేయండి అని ప్రభుత్వం ఉత్తరాలు పంపింది. కొందరికి నెల రోజులే గడువు. ఏం పనో చెప్పలేదు. అక్కడ చేపలు పట్టుకొని బతికే వానపమ్ తెగవాళ్లకు కూడా దారి మూసేశారు. 1944 సెప్టెంబరులో బి రియాక్టర్ మొదలైంది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద వేసిన బాంబులోని ప్లుటోనియం ఇక్కడిదే. పనిచేసిన వేలమందిలో చాలామందికి తాము ఏం తయారుచేస్తున్నామో కూడా తెలియదు! మిగిలిన విషపు వ్యర్థాల కోసం భూమిలో 177 ట్యాంకులు కట్టారు. వాటి పని ఇంకా తేలలేదు.

హాన్‌ఫర్డ్‌లో ఇళ్లు కూల్చేశారు. హైస్కూలు గోడలు మాత్రం ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఫోటోలో కిటికీలకు తలుపులు లేవు, అవతల ఆకాశం కనిపిస్తుంది. నేను ఆ ఫోటో చాలాసేపు చూశాను. ఆ ఏడు పదో తరగతి వాళ్లు ఏ ఊరికి పోయి చదువుకున్నారో!

ఇదంతా షెడ్డులో చెప్తే మా నాయన స్పానర్ పక్కన పెట్టి, "మరి ఆ తోటల్లో కాయలు ఏమైనాయి?" అని అడిగినాడు. అది నాకు తట్టలేదు. మళ్లీ వెతికాను. జైలు ఖైదీలను తెచ్చి కోయించారంట. ఆ రాత్రి షట్టర్ దించుతా ఉంటే చెప్పాను.

"తర్వాత ఏమాయె?" అన్నాడు.