బెగీన్ల దైనందిన జీవనం: శ్రమ, భక్తి, స్వాతంత్ర్యం

మధ్యయుగ ఐరోపాలో గౌరవప్రదమైన స్త్రీ జీవితానికి సమాజం ప్రధానంగా రెండు మార్గాలను గుర్తించింది: వివాహం, సన్యాసినీ మఠం. 12వ శతాబ్దం చివరి నుండి నేటి బెల్జియం, నెదర్లాండ్స్ పట్టణాలలో మూడవ మార్గాన్ని ఏర్పరచుకున్న స్త్రీలే బెగీన్లు. వీరు శాశ్వత సన్యాసదీక్ష స్వీకరించలేదు. సముదాయంలో ఉన్నంతకాలం బ్రహ్మచర్యం పాటించేవారు. సొంత ఆస్తిని నిలుపుకొనేవారు. కోరుకుంటే వెలుపలికి వెళ్లి వివాహం చేసుకోగలిగేవారు.

ఫ్లాండర్స్‌లో ప్రహరీ లోపల చర్చి, దాని చుట్టూ చిన్న ఇండ్లు ఉండేవి. కలిగినవారు సొంత ఇంట్లో, పేదలు ఉమ్మడి గృహాలలో నివసించేవారు. ప్రార్థన తరువాత దినమంతా పనే: ఉన్ని శుభ్రపరచడం, ఏకడం, వడకడం, రోగులకు సేవ, పిల్లలకు చదువు, మృతుల కోసం ప్రార్థన. పగలు పట్టణంలో తిరిగినా రాత్రికి ద్వారం మూసేలోగా లోపలికి చేరాలి.

ఈ సంపాదనే వారి స్వాతంత్ర్యానికి ఆధారం. భర్తకుగాని మఠనియమానికిగాని లోబడని ఈ స్థితే అనుమానానికీ కారణమైంది. 1310లో బెగీన్‌గా పేర్కొనబడిన మార్గరీత్ పొరేత్‌ను పారిస్‌లో దహనం చేశారు. 1311–12 నాటి వియెన్ మహాసభ బెగీన్ల జీవనవిధానాన్ని ఖండించింది. అయితే నిష్ఠతో జీవించే స్త్రీలకు మినహాయింపునిచ్చింది. ప్రహరీ, పర్యవేక్షణ గల ఫ్లాండర్స్ సముదాయాలు దీర్ఘకాలం నిలిచాయి. వాటిలో 13 నివాసాలు 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. స్వేచ్ఛను పరిమితం చేసిన ప్రహరీయే ఆ జీవనవిధానాన్ని కాపాడిందనడం అతిశయోక్తి కాదు.