నిమ్మలకుంట తోలు ల్యాంప్‌షేడ్లు

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట కళాకారులు మేక తోలుతో చేసే రంగుల దీపపు తొడుగులివి. ధర్మవరం అనగానే పట్టుచీరే గుర్తుకొస్తుంది. ఆ పక్కనే ఉన్న ఈ పల్లెకు పేరు తెచ్చింది మాత్రం తోలు. ఇళ్లలో, హోటళ్లలో అలంకారంగా వెలిగే ఈ షేడ్లకు మూలం తోలుబొమ్మలాట.

పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో ఈ ఆట ప్రస్తావన ఉంది కనుక, 13వ శతాబ్దం నాటికే తెలుగువారికి ఇది తెలుసు. నిమ్మలకుంట కళాకారులు ఇంట్లో మాట్లాడుకునేది మరాఠీ మాండలికం, ఆట ఆడేది తెలుగులో. రామాయణ, భారత ఘట్టాలు రాత్రంతా నడిచేవి. మధ్యమధ్య కేతిగాడు, బంగారక్క వచ్చి జనాన్ని నవ్వించేవారు. తెల్లటి తెర వెనక ఆముదపు దీపాలు వెలిగేవి. గాలికి మంట ఊగితే బొమ్మ కూడా ఊపిరి తీస్తున్నట్టుండేది. తరవాత పెట్రోమాక్స్, ఆపైన కరెంటు బల్బు వచ్చాయి. వెలుతురు పెరిగింది గానీ ఆ కదలిక పోయింది.

బొమ్మ వెలగడానికి అసలు కారణం తోలు తయారీలో ఉంది. చెప్పుల తోలును తంగేడు పట్టతో ఊనబెట్టేవారు. అలా చేస్తే వెలుతురు దూరదు. బొమ్మల తోలును ఊనబెట్టరు. నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు, కండ గీకేసి, బిగలాగి ఎండబెడతారు. పలచబడిన పచ్చితోలు వెలుతురును తనగుండా పోనిస్తుంది. దానిమీద బొమ్మ గీసి, చిన్న ఉలులతో చిల్లులు పొడుస్తారు. నగలు, చీర అంచులు మెరిసేది ఆ చిల్లుల్లోంచే. ఒకప్పుడు దేవతా పాత్రలకు జింక తోలు వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరవాత ఆ మాటే లేదు.

సినిమా, ఆ వెనక టీవీ ఊళ్లలోకి వచ్చాక రాత్రి ఆటకు పిలిచేవారు తగ్గారు. అదే తోలును, అదే ఉలిని కళాకారులు ఇంటి అలంకరణకు మళ్లించారు. ఇనుప తీగతో చట్రం కట్టి, తడి తోలు ముక్కలు చుట్టి కుడతారు. ఆరేసరికి అది డప్పులా బిగుసుకుంటుంది. ఆపైన గీత, రంగు. ఒకప్పటి సహజ రంగుల చోట ఇప్పుడు ఎక్కువగా కొనుక్కొచ్చిన సిరాలు కనిపిస్తాయి. నెమళ్లు, చిలకలు, పూలతీగలు, దశావతారాలు షేడ్ల మీదికి ఎక్కాయి. తెర మీద రాముడికి పద్యం, మద్దెల, ఎదురుగా రావణుడు ఉండేవారు. షేడ్ మీద ఆయనకు మిగిలింది రూపం ఒక్కటే. కథ తెలియని కొనుగోలుదారుకు అది అందమైన బొమ్మ, అంతే. ఆ మేరకు ఇది నష్టమే. కానీ ఉలిపని బతికింది కూడా ఇందువల్లే.

నూనె దీపం వెలుగులో పుట్టిన ఈ పనితనం నూనె దీపాన్ని తన లోపల మాత్రం పెట్టుకోలేదు. వేడి తగిలితే పచ్చితోలు ముడుచుకుంటుంది, పొగకు రంగు మాస్తుంది. అందుకే తక్కువ వాట్ల బల్బులే వాడాలి. ఎల్‌ఈడీలు వచ్చాక ఈ బెడద చాలావరకు తీరింది.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు 2008లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన్ను గౌరవించింది బొమ్మలాట కళాకారుడిగా. ఊళ్లో చాలా కుటుంబాలకు ఇప్పుడు ఆటకంటే ల్యాంప్‌షేడ్లు, గోడ బొమ్మల అమ్మకమే ఆధారం.