పొట్లం దోసెపిండి: ఒక వంటింటి చరిత్ర

వంటింటి గురించి మన స్త్రీవాద సాహిత్యం తక్కువేమీ రాయలేదు. విమల 'వంటిల్లు' కవిత, పి.సత్యవతి 'ఇల్లలకగానే' కథ చదివాక ఆ నాలుగు గోడల్ని పాత కళ్ళతో చూడటం మనలో చాలామందికి సాధ్యం కాలేదు. అయితే ఆ గోడల మధ్య ఏ పనిముట్టు ఎప్పుడొచ్చింది, ఎవరి శ్రమను తగ్గించింది, ఎవరి పేరును చెరిపేసింది అన్నది చరిత్రగా రాసుకోవటం మాత్రం తక్కువే. రాజుల పట్టాభిషేకాలకు తేదీలున్నాయి. రుబ్బురోలు వంటింట్లోంచి పెరట్లోకి ఎప్పుడు వెళ్ళిపోయిందో మన అమ్మల్ని అడిగితే తప్ప తెలియదు. అందుకే ఒక చిన్న వస్తువుని పట్టుకుని కొంత దూరం వెనక్కి నడవాలనిపించింది. ఆ వస్తువు అంగట్లో దొరికే దోసెపిండి పొట్లం.

మాది కొత్తచెరువు. నిన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పేరులో చెరువుంది గానీ మా నేలకు నీళ్ళతో స్నేహం తక్కువ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ కాలానికి పడితే. ఇలాంటి చోట బియ్యంతో దోసె పోసుకోవటం రోజువారీ విషయం ఎలా అవుతుంది? మా జేజి కాలంలో రోజూ తినేది రాగిముద్ద, కొర్రన్నం, జొన్నరొట్టె. దోసె పండక్కి. అదీ బియ్యం, ఉద్దిబ్యాళ్ళు రెండూ ఇంట్లో ఉన్న పండక్కి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టాక బియ్యం పేదిళ్ళకూ వచ్చింది. ఆకలి తీరింది, ఆ మేలు కాదనలేం. అదే కాలంలో చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న పోయి ఎటు చూసినా శెనక్కాయే అయింది. బియ్యం కోటా అంగట్లోంచి, డబ్బులు వస్తే గిస్తే శెనక్కాయ నుంచి. ఏ గింజ విత్తాలో, ఏ గింజ దాచాలో తెలిసిన ఆడవాళ్ళ చేతుల్లోంచి ఆ విద్య మెల్లగా జారిపోయింది.

దోసె మాత్రం చాలా పాతది. పన్నెండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేరున వచ్చిన సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం'లో 'ధోసక' అనే వంటకం ఉంది. అది పప్పులతో చేసేది, అందులో బియ్యం లేదు. అంటే బియ్యం లేనిదే దోసె కాదన్న మాట చరిత్ర ముందు నిలవదు. మా ఇళ్ళల్లో కొర్రదోసె, రాగిదోసె పోసుకునే ఆడవాళ్ళని 'లేనివాళ్ళు' అని చిన్నచూపు చూసిన రోజులు నాకు తెలుసు. ఇంకో విషయం కూడా చెప్పుకోవాలి. ఆ గ్రంథం రాజుగారి పేరున నిలిచింది. ఆ పప్పు నానబెట్టి రుబ్బిన చేతులెవరివో అందులో లేదు.

రుబ్బటం అంటే ఏమిటో మిక్సీ తరానికి చెప్పటం కష్టం. పప్పు నానాలి, బియ్యం నానాలి. రోటి ముందు కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. కుడిచేత్తో గుండు తిప్పుతూ ఎడమచేత్తో పిండి లోపలికి తోస్తూ, మధ్యమధ్య నీళ్ళు చిలకరిస్తూ, పిండి వెన్నలా పొంగేదాకా తిప్పాలి. పదిమంది ఉన్న ఇంట్లో గంట, గంటన్నర పని. కడుపుతో ఉన్నా, నడుం పట్టేసినా తప్పదు. ఈ శ్రమలోంచే తిరగలి పాటలు, దంపుళ్ళ పాటలు పుట్టాయి. మనం వాటిని జానపద సంపద అని మెచ్చుకుంటాం, పరిశోధనలు చేస్తాం. చెయ్యి నొప్పి మరిచిపోవటానికే ఆ పాట అవసరమయిందన్న సంగతి మాత్రం పుస్తకాల్లో ఒక వాక్యంతో సరిపోతుంది. మా జేజి ఒక మాట అంటుండేది: "రుబ్బేది నేను, బాగుందో లేదో చెప్పేది ఆయప్ప."

రోటిని మొదట కదిలించింది కరెంటు. 1955లో కోయంబత్తూరులో పి.సభాపతి అనే ఆయన రాతి గ్రైండరు తయారుచేశాడని చెబుతారు. 1960ల్లో బొంబాయిలో ఇంజనీరు సత్యప్రకాశ్ మాథుర్ మన పచ్చళ్ళకీ పిండికీ ఆగే 'సుమీత్' మిక్సీని తయారుచేశాడు. భార్య మాధురి వాడే విదేశీ మిక్సీ మన వంటకి తట్టుకోలేక పాడవటంతో ఆ ఆలోచన మొదలైంది. ఆవిడ వంటింటి అనుభవం లేకపోతే ఆ యంత్రమే లేదు. అయినా కథల్లో ఆవిడ 'భార్య'గానే మిగిలింది.

రుబ్బిన పిండిని ఎండు పొడిగా మార్చి పొట్లంలో పెట్టటం ఆ తర్వాతి మలుపు. 1963లో బొంబాయిలో మొదలైన గిట్స్ ఇలాంటి పొడులకు దారి వేసింది. మాకు దగ్గరి కథ బెంగుళూరుది. 1924లో మొదలైన మావళ్ళి టిఫిన్ రూమ్స్, అంటే ఎమ్.టి.ఆర్., రెండో ప్రపంచయుద్ధంలో బియ్యం దొరకనప్పుడు రవ్వ ఇడ్లీ చేసింది. 1975 ఎమర్జెన్సీలో ప్రభుత్వం హోటళ్ళ ధరలు బాగా తగ్గించమంటే గిట్టుబాటు కాక హోటలు కొంతకాలం మూసి, పొడుల పొట్లాల వ్యాపారంలోకి దిగింది. 2007లో ఆ ఆహారపదార్థాల కంపెనీని నార్వేకి చెందిన ఓర్క్లా కొనుక్కుంది. యుద్ధం, ఎమర్జెన్సీ, ప్రపంచీకరణ: మన పెనం మీదికి ఎంత చరిత్ర వచ్చి పడిందో చూడండి.

పొట్లం మీద ఎవరి బొమ్మ ఉంటుంది? ఈ ప్రశ్న మనల్ని అమెరికా తీసుకెళ్తుంది. 1889లో మిస్సోరీ రాష్ట్రంలో పాన్‌కేక్ అనే గోధుమ అట్లకి తయారుపిండి వచ్చింది. దానికి పెట్టిన పేరు 'ఆంట్ జెమైమా'. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వండిపెట్టే నల్లజాతి ఆయా బొమ్మ అది. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆ పాత్ర వేసి అట్లు పోసి చూపించటానికి నాన్సీ గ్రీన్‌ని కుదుర్చుకున్నారు. ఆమె కెంటకీలో బానిసగా పుట్టిన స్త్రీ. ఆ చిరునవ్వు వందేళ్ళకు పైగా పిండి అమ్మింది. 1923లో చనిపోయిన నాన్సీ గ్రీన్ సమాధికి పేరున్న రాయి పడింది 2020లో. ఆ బ్రాండు పేరు తీసేస్తామని కంపెనీ ప్రకటించిందీ అదే ఏడాది. వండిన మనిషిని బొమ్మగా మార్చి, శ్రమని ప్రేమగా అమ్మటం పొట్లం పుట్టుకలోనే ఉంది. మన పొట్లాల మీద 'అమ్మ చేతి రుచి' అన్న మాట చూసినప్పుడల్లా నాకు నాన్సీ గ్రీన్ గుర్తొస్తుంది.

అక్కడిదే మరో కథ. కేకు పొడిలో కోడిగుడ్డు కూడా ముందే కలిపి అమ్మితే ఆడవాళ్ళు తప్పు చేసినట్టు బాధపడతారనీ, గుడ్డు వాళ్ళనే కొట్టి కలపమంటే తృప్తి పడతారనీ 1950ల్లో ఎర్నెస్ట్ డిక్టర్ అనే మనస్తత్వవేత్త కంపెనీలకు చెప్పాడంటారు. నిజానికి పిట్స్‌బర్గ్‌లోని డఫ్ కంపెనీ 1930ల్లోనే తాజా గుడ్డు వేసుకునే పద్ధతికి పేటెంటు తీసుకుంది. ఎవరు ముందైనా సంగతి ఒకటే. పని తగ్గితే ఆడదానికి సిగ్గు కలగాలి, ఆ సిగ్గుని వ్యాపారం వాడుకోవాలి. "పొట్లం దోసెలా?" అని మన ఇళ్ళల్లో వినబడే మూతివిరుపు కూడా ఆ జాతిదే. రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకం చెప్పింది ఇదే: యంత్రాలు వచ్చినకొద్దీ మగవాళ్ళు, పిల్లలు చేసే పనులు తగ్గాయి, తల్లి మీద ప్రమాణాలు పెరిగాయి.

మరి పొట్లం పిండిని బాగుచేసుకోవటం కూడా ఆ పెరిగిన ప్రమాణమేనా? నేను చాలా ఆలోచించాను. చేసే పని ఏమిటో, ఎందుకో తెలిస్తే కాదనిపించింది. అందుకని పద్ధతి కూడా చెప్తాను.

రోటి పిండి పొంగటానికి కారణం ఉద్దిబ్యాళ్ళ జిగురు. రుబ్బేటప్పుడు అది గాలిని పట్టుకుంటుంది. రాత్రికి లూకోనాస్టాక్ వంటి సూక్ష్మజీవులు పుట్టించే వాయువును కూడా నిలబెడుతుంది. ఎండు పొడిలో ఈ రెండూ తక్కువ, అందుకే చాలా పొట్లాల్లో వంటసోడా, ఏదో ఒక పులుపు వేస్తారు. కాబట్టి ముందు పొట్లం వెనక చదవాలి. సోడా లేకపోతే రెండు గ్లాసుల పిండికి పావు గ్లాసు ఉద్దిబ్యాళ్ళు, అర చెంచా మెంతులు రెండు గంటలు నానబెట్టి మిక్సీలో నురగ వచ్చేలా రుబ్బి, పిండిలో కలిపి రాత్రంతా ఉంచాలి. సోడా ఉంటే రాత్రంతా ఉంచకూడదు, పొంగు పోతుంది. ముప్పావు గ్లాసు రాగిపిండినో కొర్రపిండినో పుల్లమజ్జిగలో అరగంట విడిగా నానబెట్టి, కాల్చే ముందు పొట్లం పిండి, చాలినన్ని నీళ్ళు కలపాలి. మజ్జిగ పులుపు సోడాతో కలిసిన వెంటనే వాయువు పుడుతుంది గనక ఎక్కువసేపు ఆగకుండా పోసుకోవాలి. పెనం మీద ఉల్లిగడ్డ ముక్కతో శెనక్కాయ నూనె రాస్తే దోసె అంటుకోదు.

పుట్టపర్తికి వచ్చిపోయే విదేశీయుల వల్లా, బెంగుళూరు నుంచి వచ్చే పిల్లల వల్లా పాన్‌కేక్ పొట్లం కూడా ఇప్పుడు మా ఇళ్ళల్లో కనిపిస్తోంది. అందులో గోధుమ ఉంటుంది. ఎంత గిలక్కొడితే అంత సాగి గట్టిపడుతుంది, ఉండలున్నా వదిలెయ్యాలి. మూడో వంతు రాగిపిండి కలిపితే మెత్తనవుతుంది, రాగికి ఆ సాగే గుణం లేదు. నేను ఆ పిండిలో బెల్లం నీళ్ళు కలిపి గుంతపొంగణాల పెనంలో పోస్తాను.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది రుచి ఒక్కటే కాదు. ఇది నేర్చుకోవటానికి ఏళ్ళు అక్కర్లేదు. రోటి దగ్గర కూర్చోవటం ఆడపిల్లకే నేర్పిన విద్య. "మాకు రాదు" అన్న మగవాళ్ళ మాటకి అప్పుడు సాకు ఉండేది. పొట్లం ఆ సాకుని తీసేసింది. అయినా ఎంత మారింది? జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. స్త్రీకి పది నిమిషాలు తగ్గాయి, పురుషుడికి తొమ్మిది తగ్గాయి. రోలు పోయింది, గ్రైండరు వచ్చింది, పొట్లం వచ్చింది, కానీ పని పంపకం కదల్లేదు. ఇంటి మార్పుని యంత్రానికి వదిలెయ్యలేం. దాన్ని మనమే అడగాలి, తగవు పెట్టుకుని అయినా.

ఇక పొట్లం ఎవరిది కావాలన్నది మిగిలిన ప్రశ్న. మా జిల్లాలోనే చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ మొదలైంది. దానితో కలిసి పనిచేసే రైతుల సహకార సంఘం 'ధరణి' 2008లో ఏర్పడింది. కొర్రలు మొదలైన మెట్టపంటల్ని రైతుల నుంచి కొని, శుభ్రం చేసి, పొట్లాల్లో కట్టి అమ్ముతుంది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాల్లో కొర్రలకి గిరాకీ, గౌరవం రెండూ వచ్చాయి. ఒకప్పుడు లేనితనానికి గుర్తయిన గింజ ఇప్పుడు ఖరీదైన పొట్లంలో కూర్చుంది. ఆ ఖరీదులో కలుపు తీసిన ఆమెకి, దంచి చెరిగిన ఆమెకి ఎంత చేరుతోందో అడగకుండా ఆ గౌరవాన్ని నమ్మలేను.

పొట్లం వెనక దినుసుల పేర్లు, బరువు, ధర, గడువు తేదీ అన్నీ అచ్చవుతాయి. చట్టం అడిగింది కాబట్టి అచ్చవుతాయి. శ్రమ ఎవరిదో, కూలి ఎంతో కూడా అడగటం మొదలుపెడితే, ఆ ప్రశ్నకి చోటు లేదని ఎంతకాలం అనగలరు? ఈలోగా మీ ఇంట్లో పొట్లం పిండి ఉంటే రాగిపిండిని మజ్జిగలో నానెయ్యండి. ఆ అరగంటలో ఈ వ్యాసం మీద జవాబు రాయండి. దోసెలు ఇంకొకరు పోస్తారు.